కొసలు తీసేసిన లెక్క

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉన్నా, వర్క్‌షాపులో ముప్పై ఒక్క సంవత్సరాలపాటు అందరూ పిలిచింది దశాంశం అనే. ఎదురుగా ఉన్నప్పుడు ‘దశాంశం గారూ’ అనేవారు; ఆయన అటు తిరగగానే ఆ ‘గారు’ రాలిపోయేది. టీకి ఎప్పుడు వెళ్దామని అడిగితే ‘నాలుగున్నర నిమిషాల్లో’ అని జవాబిచ్చే మనిషికి అంతకంటే తగిన పేరు దొరకడం కష్టం. ఆ పేరు ఆయనకూ లోలోపల ఇష్టమే.

అక్కడి పని ప్రెషర్ గేజీలను పరీక్షించడం. బాయిలర్ల మీద, గ్యాసు సిలిండర్ల మీద, ఆసుపత్రుల ఆక్సిజన్ గొట్టాల మీద చిన్న గడియారాల్లా కనిపించే ఆ గేజీలు నిజం చెబుతున్నాయా లేదా అని తేల్చడం. నూనె నిండిన యంత్రానికి గేజీని బిగించి, ఇనుప బిళ్ళలను ఒకదానిమీద ఒకటి పేర్చి, గాజును గోటితో మెల్లగా తట్టి, ముల్లు ఎక్కడ నిలిచిందో చూసి రాసుకోవాలి. ఒక్కో బరువుకు ఐదుసార్లు. ఐదు అంకెలూ ముందు చిత్తు పుస్తకంలో పడతాయి. తరువాత వాటిలో అన్నిటికంటే పెద్దదాన్నీ, అన్నిటికంటే చిన్నదాన్నీ కొట్టేసి, మిగిలిన మూడింటి సగటును ఫెయిర్ కాగితం మీదికి ఎక్కిస్తారు. దీన్ని వాళ్ళు ‘కొసలు తీయడం’ అంటారు. పాత యంత్రం అరిగిపోయి, ముల్లు ఉండుండి అతుక్కుపోయే రోజుల్లో ఎవరో మొదలుపెట్టిన అలవాటు అది. యంత్రం మారింది కాని అలవాటు మారలేదు. ఆ అలవాటును సూత్రమంత ఎత్తుకు లేపిన ఘనత మాత్రం దశాంశానిదే. కొసల్లో ఉండేది చేతి పొరపాటు, నిజం ఎప్పుడూ మధ్యలోనే ఉంటుంది అని ఆయన కొత్తగా చేరినవాళ్ళకు మొదటిరోజే నేర్పేవాడు.

అలా నేర్చుకున్నవాళ్ళలో ఆయన కూతురు కూడా ఉంది. తండ్రి రిటైరవడానికి రెండేళ్ళ ముందు ఆమె ఆ వర్క్‌షాపులో చేరి, ఆయన పక్క బెంచీలోనే పని నేర్చుకుంది. గాజును తట్టడంలో ఆయన గోరే, అంకె రాయడంలో ఆయన వంపే. సహజంగానే ఆమె ‘చిన్న దశాంశం’ అయింది. ఇప్పుడు ఆమెకు ముప్పై నిండాయి. ఇంకో నెలన్నరకు, మొదటి తారీఖున హెడ్ టెస్టరు కుర్చీ ఖాళీ అవుతోంది. అది ఒకప్పుడు తండ్రి కూర్చున్న కుర్చీ. ఆ రోజు బెంచీ దగ్గర ఎవరు నిలబడి ఉంటే వాళ్ళకే అని సూపర్‌వైజరు చూచాయగా అనేశాడు. తండ్రీ కూతుళ్ళు పైకి ఆ మాట ఎత్తకపోయినా, ఇంట్లో క్యాలెండరు వైపు ఇద్దరి చూపులూ కాస్త ఎక్కువగానే వెళ్ళేవి.

సరిగ్గా ఆ సమయంలో వర్క్‌షాపు అంతటా దగ్గు మొదలైంది. ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటూ పది రోజుల్లో సగంమందిని మంచాన పడేసి, చివరికి ఆమె వంతూ వచ్చింది. ఆరు రోజులు జ్వరం, ఒళ్ళంతా పచ్చిపుండు, గొంతులో గరగర. తండ్రి కంగారుపడలేదు. ఇది వైరస్, దీనికి యాంటీబయాటిక్ ఎందుకూ పనికిరాదు, నీళ్ళు బాగా తాగి విశ్రాంతి తీసుకుంటే తగ్గుతుంది అన్నాడు. అలాగే తగ్గింది. ఆయన సోదరి, ఆయనకంటే ఐదేళ్ళు పెద్దది, తమ్ముడి భార్య పోయిన తరువాత ఆ ఇంటికి తన కుట్టుమిషనుతో సహా వచ్చి స్థిరపడిన మనిషి, ఒక రాగి కడియం తెచ్చి మేనకోడలి చేతికి తొడగబోతే ఆయన నవ్వాడు. రాగికి జ్వరం ఎందుకు భయపడుతుందో వివరిస్తే తానూ ఒకటి తొడుక్కుంటానన్నాడు. అంతవరకు ఆయన అన్నదీ చేసిందీ అంతా సరైనదే. ఈ కథలోని చిక్కు అక్కడే ఉంది.

జ్వరం తగ్గిన నాలుగో రోజునుంచి అక్క ఒక సంగతి గమనించింది. వాళ్ళది మూడో అంతస్తు. ఆమె మిషను మెట్లవైపు కిటికీ దగ్గర ఉంటుంది. ఎవరు ఎక్కుతున్నారో, ఎవరు దిగుతున్నారో చూడకుండానే చెప్పగలదు. మేనకోడలు అలా కిందికి వెళ్ళి గాలి పీల్చుకుని వస్తుంటే, రెండో అంతస్తు మలుపు దగ్గర అడుగుల చప్పుడు ఆగిపోతోంది. కాసేపటికి మళ్ళీ మొదలవుతోంది. మొదటిరోజు ఎవరితోనో మాట్లాడుతోందనుకుంది. మూడు రోజులు అలాగే అయ్యేసరికి తమ్ముడి చెవిన వేసింది.

“ఒరేయ్, పిల్ల మెట్ల మధ్యలో ఆగుతోందిరా.”

“ఆరు రోజులు జ్వరం పడ్డ మనిషి ఆగకుండా పరిగెడుతుందా అక్కా?”

“అలుపుకి ఆగే ఆగడం నాకు తెలుసు. ఇది అది కాదు. ఏదో వింటున్నట్టు ఆగుతోంది.”

“ఆగడం కొలత కాదు. కొలత ఉంటే చెప్పు, వింటాను.”

అక్క దగ్గర కొలత లేదు. ఆమె నోట్లో గుండుసూదులు పెట్టుకుని మిషను వైపు తిరిగిపోయింది. ఆయన మాత్రం ఆ మాటను పూర్తిగా పెడచెవిన పెట్టలేదు. అలా పెట్టి ఉంటే ఆయన మామూలు నిర్లక్ష్యపు తండ్రి అయ్యేవాడు, చెప్పుకోవడానికేమీ మిగిలేది కాదు. ఆ సాయంత్రమే సొరుగులోంచి స్టాప్‌వాచీ తీసి, కూతుర్ని కుర్చీలో కూర్చోబెట్టి, మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి నిమిషంపాటు నాడి లెక్కపెట్టాడు. రెండు నిమిషాలు ఆగి మళ్ళీ లెక్కపెట్టాడు. అలా ఐదుసార్లు. రోజూ ఉదయం ఐదు, సాయంత్రం ఐదు. అన్నీ ఒక చిత్తు పుస్తకంలో.

రెండో రోజు సాయంత్రం అంకెలు ఇవి: ఎనభై ఆరు, ఎనభై తొమ్మిది, నూట నలభై ఒకటి, ఎనభై ఎనిమిది, నలభై తొమ్మిది.

నూట నలభై ఒకటి దగ్గర ఆయన వేళ్ళు ఒక్కక్షణం బిగుసుకున్నాయి. కూతురు ముఖం చూశాడు. ఆమె కూడా ఆయన్నే చూస్తోంది.

“వేలు జారినట్టుంది,” అన్నాడు.

“అయ్యుండొచ్చు నాన్నా. నేనూ కాస్త కదిలాను,” అంది ఆమె.

నలభై తొమ్మిది దగ్గర ఇద్దరూ ఏమీ అనుకోలేదు. ఆయన రెండు కొసలూ గీత పెట్టి కొట్టేశాడు. మిగిలిన మూడింటి సగటు ఎనభై ఏడు పాయింట్ ఏడు. ఫెయిర్ కాగితం మీద ఒక చుక్క పెట్టాడు. ఎనిమిది రోజుల్లో పదహారు చుక్కలయ్యాయి. వాటిని కలుపుతూ గీసిన గీత ఎనభై ఎనిమిది దగ్గర మొదలై, ఎక్కడా తొణక్కుండా, మెల్లగా డెబ్బై ఎనిమిదికి దిగింది. కోలుకుంటున్న మనిషి నాడి ఎలా ఉండాలో అచ్చం అలాగే ఉంది. ఆ ఎనిమిది రోజుల్లో చిత్తు పుస్తకంలో గీత పడ్డ అంకెలలో తొమ్మిది నూట ఇరవై దాటినవి, ఆరు యాభైకి లోపలివి. దెబ్బతిన్న గుండె కండరం అదుపు తప్పి వరసగా కొట్టినప్పుడు నాడి అంత పైకి పోతుంది; వేళకంటే ముందే పడిన బలహీనపు దెబ్బలు మణికట్టుదాకా చేరనప్పుడు అంత కిందికి కనిపిస్తుంది. ఈ సంగతి ఆయనకు తెలియదు. తెలియకపోవడం తప్పు కాదు. తెలియనిదాన్ని ఆయన పొరపాటు అని పేరుపెట్టి పక్కకు తోశాడు.

కూతురికీ అనుమానం రాలేదా అంటే, వచ్చింది. రాత్రిళ్ళు ఎడమవైపు తిరిగి పడుకుంటే ఛాతీలో చేప కొట్టుకున్నట్టు ఉండేది. కాని తెల్లవారి లేచి కాగితం మీద గీత చూసుకుంటే మనసు కుదుటపడేది. తన ఒంటి మాట కంటే తండ్రి కాగితం మాట మీద ఆమెకు గురి ఎక్కువ. ఆ గురి నేర్పింది ఆయనే.

అక్క ఊరుకోకపోయేసరికి, మళ్ళీ పనిలో చేరడానికి రెండు రోజుల ముందు వీధి చివరి క్లినిక్‌కు వెళ్ళారు. అక్కడి డాక్టరమ్మ చిన్న వయసుది. బయట ముప్పైమంది దగ్గుతూ కూర్చుని ఉన్నారు. అయినా ఓపికగా స్టెతస్కోపు పెట్టి వింది, వెనక్కి తిప్పి వింది. దగ్గు జ్వరాల తరువాత కొందరికి, చాలా కొద్దిమందికి, గుండె కండరం వాచే అవకాశం ఉందని, ఒక ఈసీజీ తీయించుకుంటే మంచిదని చెబుతూ, గుండెదడ గానీ, దెబ్బ తప్పినట్టు అనిపించడం గానీ ఉందా అని అడిగింది.

కూతురు తండ్రి వైపు చూసింది. ఆయన అప్పటికే సంచీలోంచి ఫెయిర్ కాగితం తీసి బల్లమీద పరిచాడు.

“ఇవన్నీ మీరు తీసినవేనా?” అంది డాక్టరమ్మ ఆశ్చర్యంగా.

“రోజుకు పదిసార్లు. ఎనిమిది రోజులు.”

“మా నర్సులు కూడా ఇంత శుభ్రంగా రాయరండీ.” ఆమె వేలితో ఆ గీత వెంబడే వెళ్ళింది. “ఎక్కడా ఎగుడుదిగుడు లేదు. పేషెంట్ల తండ్రులందరూ మీలా ఉంటే నాకు సగం పని తగ్గుతుంది.”

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. ఆ క్షణంలో చిత్తు పుస్తకం కూడా అదే సంచీలో ఉంది. ఆయన దాన్ని దాచలేదు. తీయాలని తోచలేదు, అంతే. గేజీ కొన్నవాడికి ఎవరైనా చిత్తు పుస్తకం చూపిస్తారా? డాక్టరమ్మ ఈసీజీ మాటను ‘తరువాత చూద్దాం’లోకి మార్చి, ఏమైనా తేడా అనిపిస్తే వెంటనే రమ్మని చెప్పి, పనికి వెళ్ళవచ్చని రాసిచ్చింది. దారి పొడుగునా ఆయన నడకలో ఒక చిన్న ఊపు ఉంది.

కూతురు సోమవారం వర్క్‌షాపుకు వెళ్ళింది. ఇరవై రోజుల పని పేరుకుపోయి ఉంది. ఇనుప బిళ్ళల్లో చిన్నవి కిలో, పెద్దవి పది కిలోలు. వాటిని ఎత్తడం, పేర్చడం, దించడం, మళ్ళీ ఎత్తడం. గురువారం మధ్యాహ్నం ఒక బాయిలర్ గేజీ మీద ఐదో బిళ్ళ పెట్టబోతూ ఆమె వెనక్కి పడిపోయింది. బిళ్ళ కాలిమీద పడకపోవడం అదృష్టమని సూపర్‌వైజరు ఫోనులో చెప్పాడు. తండ్రి ఆసుపత్రికి చేరేసరికి ఆమెకు తెలివి వచ్చి, ఛాతీ నిండా వైర్లతో పడుకుని, ఆ గేజీకి ఇంకా సీలు వేయలేదని వర్క్‌షాపుకు చెప్పమంటోంది.

గుండె డాక్టరు యాభై దాటినవాడు, మాట తక్కువవాడు. రక్త పరీక్షలో, స్కానింగులో తేలింది ఆయన సూటిగానే చెప్పాడు. దగ్గు తెచ్చిన వైరస్ ఊపిరితిత్తులతో ఆగకుండా గుండెకూ పాకి, కండరం వాచింది. మామూలుగా తోయవలసిన రక్తంలో సగానికి కాస్త ఎక్కువ మాత్రమే తోస్తోంది. చాలామందికి ఇది పూర్తిగా నయమవుతుంది, కాని విశ్రాంతి అవసరమైన రోజుల్లో బరువులు ఎత్తడం మంచిది కాలేదు అన్నాడు. ఎవరినీ తప్పుపట్టే గొంతుతో అనలేదు. తండ్రి అలవాటుగా ఫెయిర్ కాగితం అందించాడు. డాక్టరు దాన్ని వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూశాడు.

మరునాడు ఉదయానికి ఆ కాగితం ఆమె కేసు షీటులో చేరింది. రాత్రంతా మానిటరు మీద గుండె బుద్ధిగానే కొట్టుకుంది. పదహారు చుక్కల గీత కూడా అదే చెబుతోంది. కాబట్టి గుండె గతి తప్పడం వల్ల పడిపోయి ఉండదు, నీరసం వల్ల కళ్ళు తిరిగి ఉంటాయి అన్న అభిప్రాయానికి వచ్చారు. ఆ వార్డులో మానిటర్లు ఆరు, వాటికోసం ఎదురుచూసే రోగులు పదిమంది. ఆమెకు పదింటికి వైర్లు తీసి పక్క వార్డుకు మారుస్తామన్నారు.

తండ్రి ఆ రోజు ఎనిమిదింబావుకే వచ్చాడు. సంచీలో చిత్తు పుస్తకం ఉంది. ఈసారి అది ఉందని ఆయనకు బాగా తెలుసు. పొద్దున్నే వంటింటి బల్లమీద దాన్ని తెరిచి, గీత పెట్టి కొట్టేసిన అంకెలను మాత్రమే వరసగా ఇంకో పేజీలోకి ఎత్తి రాశాడు. జీవితంలో అలా చేయడం అదే మొదటిసారి. పొరపాట్లయితే చెల్లాచెదురుగా ఉండాలి. ఇవి చెల్లాచెదురుగా లేవు. మెట్లెక్కి వచ్చిన సాయంత్రాల్లో గుంపుగా ఉన్నాయి. ఇంకేం, డాక్టరు చేతిలో పెట్టడమే తరువాయి.

తొమ్మిదింటికి డాక్టరు చుట్టూ అరడజను మంది కుర్ర డాక్టర్లతో వచ్చాడు. తండ్రి లేచి నిలబడ్డాడు. నోరు తెరవబోతుండగానే డాక్టరు కేసు షీటులోంచి ఆ కాగితం తీసి వాళ్ళకు చూపించాడు. ఈ పెద్దాయన డాక్టరు కాదు, గేజీలు పరీక్షించే మనిషి, చదువుకున్న మనం రోజుకు రెండుసార్లు లెక్కపెట్టడానికి బద్ధకిస్తాం, చూడండి అన్నాడు. ఆరుగురూ ఆయన వైపు తిరిగారు. ఒకమ్మాయి ఆ కాగితాన్ని ఫోనుతో ఫోటో తీసుకుంది. మంచం మీదినుంచి కూతురు నవ్వింది, గర్వంగా.

ఆయన సంచీ మూతి గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. వీళ్ళంతా వెళ్ళాక డాక్టరును గదిలో ఒంటరిగా కలుద్దామనుకున్నాడు. అది పిరికితనమని ఆయనకు అప్పుడే తెలుసు, కాని పిరికితనానికి కూడా మర్యాదస్తుడి ముసుగు ఉంటుంది. డాక్టరు గది బయట బెంచీ మీద కూర్చున్నాడు. తొమ్మిదిన్నర. పావు తక్కువ పది. లోపల ఎవరో ఉన్నారు. పదింటికి కూతురి మంచం చక్రాల చప్పుడుతో పక్క వార్డుకు వెళ్ళడం చూశాడు. ఇంకో పది నిమిషాల్లో ఎలాగూ చెబుతాను కదా అనుకున్నాడు.

పది ఇరవైకి ఆమె బాత్రూముకు వెళ్ళాలని లేచింది. నాలుగడుగులు వేసి గుమ్మం దగ్గర కుప్పకూలింది. మందుల బండి తోసుకుంటూ అప్పుడే ఆ పక్కనుంచి వెళ్తున్న ఒక నర్సు కంట పడింది కాబట్టి సరిపోయింది. గుండె కొట్టుకోవడం లేదు, వణుకుతోంది. నర్సు ఛాతీ మీద రెండు చేతులూ ఆనించి నొక్కుతూనే కేక పెట్టింది. రెండోసారి షాకు ఇచ్చాక నాడి దొరికింది. మొత్తం మూడు నిమిషాలకు కాస్త తక్కువ. ఎంత తక్కువో ఆ ఒక్కసారి దశాంశం లెక్కపెట్టలేదు.

అప్పుడు ఆయన చిత్తు పుస్తకం ఇచ్చాడు. డాక్టరు నిలబడే పేజీలు తిప్పాడు. కొట్టేసిన అంకెల మీద ఆయన వేలు ఒక్కొక్కచోటా ఆగింది.

“ఇవి ఎందుకు కొట్టేశారు?”

“కొసలండీ. మా పనిలో తీసేస్తాం.”

“ఈ పుస్తకం మీ దగ్గర ఎప్పటినుంచి ఉంది?”

“పొద్దుటినుంచి… మొదటినుంచీ.”

“తొమ్మిదింటికి ఇచ్చి ఉంటే నేను వైర్లు తీయించేవాణ్ణి కాదు.” డాక్టరు పుస్తకం మూశాడు. “నిన్న ఇచ్చి ఉంటే నిన్ననే మందు మొదలయ్యేది.”

ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే తండ్రికి పట్టుకోవడానికి ఏదైనా దొరికేది. డాక్టరు కేసు షీటులోంచి ఫెయిర్ కాగితం తీసి ఆయన చేతికి తిరిగి ఇచ్చేసి, పుస్తకం తన దగ్గర ఉంచుకున్నాడు.

కూతురు ఇరవై ఆరు రోజులు ఆసుపత్రిలో ఉంది. గుండె బలం కొంత తిరిగి వచ్చింది, కొంత రాలేదు. కండరంలో మచ్చ మిగిలిందని స్కానింగులో తేలింది. ఆరు నెలలు బరువు ఎత్తకూడదు. ఆ తరువాత ఎత్తవచ్చని డాక్టరు మాట ఇవ్వలేదు. గుండె మళ్ళీ అదుపు తప్పితే తనంతట తానే షాకు ఇచ్చే పరికరం ఒకటి పట్టీలాగా చొక్కా లోపల తొడుక్కుని తిరగమన్నారు. నాడి ఎప్పటికప్పుడు ఇంట్లో రాసి తెమ్మన్నారు, ఎవరు రాయాలో మాత్రం చెప్పలేదు. హెడ్ టెస్టరు కుర్చీలో మొదటి తారీఖునే వేరొకరు కూర్చున్నారు. ఇంటికి వచ్చేటప్పుడు అత్తయ్య ఇచ్చిన రాగి కడియం ఆమె చేతికి ఉంది. గండం గడిచింది దానివల్లేనని అత్తయ్య ఇరుగుపొరుగు అందరికీ చెప్పింది. కడియానికి ఆ శక్తి లేదని తండ్రికి తెలుసు. ఆ మాట అనడానికి తన నోటికి అర్హత లేదనీ తెలుసు.

డాక్టరు దగ్గరినుంచి చిత్తు పుస్తకాన్ని ఆమే అడిగి తెచ్చుకుంది. ఇంటికి వచ్చిన మూడో రోజున తండ్రిని పిలిచింది.

“ఈ నూట నలభై ఒకటి నాకు గుర్తుంది. వేలు జారిందన్నావు.”

“పొరపాటు చేశానమ్మా.”

“పొరపాటు కాదు నాన్నా. పద్ధతి ప్రకారమే చేశావు. నేనైనా అదే చేసేదాన్ని, చేశాను కూడా. కదిలానని అబద్ధం చెప్పింది నేనే.” ఆమె కాసేపు ఊపిరి తీసుకుంది. “క్లినిక్‌లో నీకు తెలియదు. దానికి నేనేం అనను. ఆసుపత్రిలో తొమ్మిదింటికి తెలుసు.”

ఆమె ఇక ఆ సంగతి ఎత్తలేదు. ఆ రోజంతా కూర్చుని వర్క్‌షాపుకు ఒక ఉత్తరం రాసింది. బాయిలర్ల మీదా ఆక్సిజన్ గొట్టాల మీదా ఉన్న గేజీలలో, కొసలు మరీ దూరంగా పోయినవాటిని చిత్తు పుస్తకాలు చూసి ఏరి, వెనక్కి తెప్పించి మళ్ళీ పరీక్షించాలని. ఇకమీదట అంకె ఏదీ కొట్టేయకూడదని.

జవాబుగా సూపర్‌వైజరే వచ్చాడు, ఒక మధ్యాహ్నం, సంచీ నిండా పళ్ళతో. మూడంతస్తులు ఎక్కి ఆయాసపడుతూ, ముందు ఈ మెట్లకు ఒక గేజీ పెట్టాలి అని జోకు వేశాడు. ఎవరూ నవ్వలేదు. ఆమె ఆరోగ్యం అడిగాడు, కొత్త హెడ్ టెస్టరుకు చేతి వాటం ఇంకా కుదరలేదన్నాడు, చివరికి జేబులోంచి ఉత్తరం తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఇంత పెద్ద జబ్బు పడి లేచిన మనిషికి లోకమంతా జబ్బుగా కనిపించడం సహజమని, అందుకు తాను తప్పుపట్టనని అన్నాడు. తరువాత తండ్రి వైపు తిరిగాడు.

“దశాంశం గారూ, మీ మాటంటే అక్కడ అందరికీ గురి. పద్ధతి సరైనదేనని ఒక్క ముక్క రాసివ్వండి చాలు. ఈ ఉత్తరం సంగతి పైకి వెళ్ళదు. అమ్మాయికి ఆఫీసులో కూర్చుని చేసే పని నేను చూస్తాను. బరువులుండవు.”

మిషను చప్పుడు ఆగింది. కూతురు తండ్రి వైపు చూడలేదు. కిటికీ వైపు చూస్తోంది. ఆమెకు ఉద్యోగం ఎంత అవసరమో ఆ గదిలో అందరికీ తెలుసు. ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. ఈసారి బెంచీ మీద కూర్చుని ఎదురుచూడటానికి డాక్టరు గది లేదు.

“ఆ ఉత్తరంలో ఉన్నది నిజం,” అన్నాడు. “చిత్తు పుస్తకాలు తీయించండి. నా బెంచీవి కూడా.”

“ముప్పై ఒక్క ఏళ్ళవా?”

“అన్నీ.”

సూపర్‌వైజరు ఆయన్ని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. ఆ గేజీలకిచ్చిన కొన్ని సర్టిఫికెట్ల మీద తన సంతకం కూడా ఉంది మరి. “ఎక్కడున్నాయండీ? కొత్త షెడ్డుకి మారినప్పుడు చిత్తే కదా అని తూకానికి వేసేశాం. ఫెయిర్ కాగితాలు మాత్రం ఒక్కటీ పోలేదు, కావాలంటే చూసుకోండి,” అన్నాడు. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని లేచాడు. గుమ్మం దాటుతూ, ఆఫీసు పని సంగతి తన ఒక్కడి చేతిలో లేదన్నాడు. వచ్చినప్పటికంటే దిగేటప్పుడు ఆయన అడుగులు చురుగ్గా పడ్డాయి.

తలుపు వేసి తండ్రి వెనక్కి వచ్చాడు. నిజం చెప్పిన మనిషికి లోపల ఏదో తేలిక పడుతుందని ఎక్కడో విన్నాడు. అలాంటిదేమీ కలగలేదు. ఏ ఊళ్ళో ఏ బాయిలరు మీద ఏ గేజీ ఎంత తప్పు చెబుతోందో ఇక ఎవరూ చెప్పలేరు. కూతురి ఉద్యోగం పోయింది. ఆమె ఆయన్ని మెచ్చుకోనూ లేదు, తిట్టనూ లేదు.

“నిజమే చెప్పావు,” అంది. “ఆ రోజు ఆరుగురి ముందు ఇంత తేలిగ్గా చెప్పేస్తే బాగుండేది.”

గడియారం ఐదు కొట్టింది. నాడి చూసే వేళ. ఆయన అలవాటుగా ముందుకు వంగాడు. ఆమె లేచి, కుర్చీని మిషను పక్కకు జరుపుకుని, చెయ్యి అత్తయ్య ఒడిలో పెట్టింది. అత్తయ్య పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది. నలభై దాటాక తప్పిపోయి, నాలుక కరుచుకుని, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. తప్పిపోయిన లెక్కను కూడా, బట్టల కొలతలు రాసుకునే పుస్తకంలో, పెద్ద పెద్ద అంకెలతో రాసింది.

“మధ్యలో ఒకటి ఆగి కొట్టిందే. ఇదెలా రాయాలి?” అంది.

“ఎలా ఆగిందో అలాగే…” అని తండ్రి మొదలుపెట్టాడు.

“నేను చెబుతాను అత్తయ్యా,” అంది కూతురు.

అత్తయ్య పెన్సిలు అందించింది. ఆమె రాసుకుంది. ఎంత వచ్చిందో ఆయనకు చెప్పలేదు, ఆయన అడగనూ లేదు.